బంతి నుంచి స్లాటు దాకా

నెలలో ఆ ఒక్కరోజు పొద్దున్న పదింటికి మా ఇంట్లో ఎవరికీ టిఫిను గుర్తుండదు. మూడు నెలల తర్వాతి తిరుమల దర్శనం టిక్కెట్లు, అవే 300 రూపాయలవి, ఆ వేళకి తెరుస్తారు. మావారు ఫోనుతో సోఫాలో, అబ్బాయి లాప్‌టాప్‌తో భోజనాల బల్ల దగ్గర, నేను ఇంకో ఫోను పట్టుకుని వంటింటి గడపలో. పొయ్యి మీద కుక్కరు మూడో కూత కూస్తోంది. కట్టేయడానికి కూడా చెయ్యి ఖాళీ లేదు.

మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తున్న అత్తయ్యగారు అబ్బాయిని పిలిచి, "ఆ గళ్ళేమిట్రా?" అని అడిగారు. "అవి స్లాట్లు నాన్నమ్మా. తొమ్మిదింటికి ఇంతమంది, పదింటికి ఇంతమంది. ఎర్రగా ఉంటే నిండిపోయినట్టు" అన్నాడు వాడు. ఆవిడ కాసేపు చూసి, "ఇంతేనా! పెళ్ళిభోజనాల్లో బంతులు వేసినట్టు" అనేసి మళ్ళీ వత్తులు చేసుకోసాగారు.

ఆ మాట నన్ను రెండు రోజులు వదల్లేదు. ఎప్పుడో డిగ్రీలో చదువుకున్న ప్రకృతి వికృతులు గుర్తొచ్చాయి. పంక్తి ప్రకృతి, బంతి వికృతి. బారుగా విస్తళ్ళు పరిచి వరసగా కూర్చోబెడితే అది బంతి. మనం కంప్యూటరు పుట్టిన తర్వాత వచ్చిందనుకునే ఏర్పాటంతా అందులో ఉంది. పందిట్లో అరవై విస్తళ్ళు పడతాయి, వచ్చినవాళ్ళు మూడువందలమంది. అంటే అయిదు బంతులు. తిని లేవడానికి అరగంట, ఆకులెత్తి నీళ్ళు చల్లి మళ్ళీ ఆకులు వేయడానికి పది నిమిషాలు. పదకొండున్నరకి మొదటి బంతి లేపకపోతే ఆఖరి బంతికి మూడు దాటుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసినవాళ్ళు ఎవరూ లేరు. వడ్డన చూసే ఏ పెద్దమ్మో, ఏ బాబాయో పందిట్లోకి ఒక్క చూపు చూసి చెప్పేసేవాళ్ళు.

ఒకేసారి ఎంతమంది పడతారు, ఒక్కో విడతకి ఎంతసేపు పడుతుంది, ముందు ఎవరిని కూర్చోబెట్టాలి? బంతికైనా స్లాటుకైనా ఉన్న ప్రశ్నలు ఈ మూడే. మూడోదానికి పెళ్ళింట్లో జవాబు మనకందరికీ తెలుసు. మొదటి బంతి మగపెళ్ళివారిది. ఆఖరి బంతి ఆ ఇంటి ఆడవాళ్ళది.

బంతి తర్వాత మన ఊళ్ళకి అలాంటి ఏర్పాటుని అలవాటు చేసింది సినిమా హాలు. మ్యాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో అని రోజుని కోసి పెట్టింది. నేల, బెంచి, కుర్చీ అని జనాన్ని కూడా కోసింది. హౌస్ ఫుల్ బోర్డు పెడితే ఇక విస్తళ్ళు లేవని అర్థం. ఆడవాళ్ళకి వేరే కౌంటరు ఉండేది గనక మగవాళ్ళు టిక్కెట్ల కోసం మనల్నే ముందుకి తోసేవాళ్ళు. మా అమ్మా వాళ్ళూ వెళ్ళిందల్లా మ్యాట్నీలకే. మధ్యాహ్నం అంట్లు అయ్యాక బయల్దేరితే సాయంత్రం కాఫీ వేళకి ఇంట్లో ఉండొచ్చు. ఇంటి పనిలో ఖాళీ ఎక్కడుందో చూసి, అందులో పట్టేదాన్నే ఎంచుకునేవాళ్ళు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇక తిరుమల. అక్కడ కాలాన్ని గళ్ళుగా కొయ్యడం కొత్తగా మొదలైంది కాదు. అయితే మొదట ఆ గళ్ళు మనవి కావు, స్వామివి. తెల్లవారుజామున సుప్రభాతం, తోమాల, అర్చన, నైవేద్యం గంట, మళ్ళీ నైవేద్యం గంట, రాత్రి ఏకాంత సేవ. గురువారం తిరుప్పావడ, శుక్రవారం అభిషేకం. ఆయన దినచర్య ముందు, దాని మధ్య మిగిలిన ఖాళీలు మనవి. రోజుకి వందలమంది వచ్చే కాలంలో ఆ ఖాళీలు ఎక్కువే అనిపించి ఉంటాయి.

అప్పట్లో జనాన్ని అదుపు చేసింది కొండ. అలిపిరి దారిలో తొమ్మిది కిలోమీటర్లు, మూడున్నరవేలకి పైగా మెట్లు, అడవి. నడవలేనివాళ్ళు డోలీ కట్టించుకోవాలి. 966లో పల్లవ రాణి సామవై స్వామికి వెండి విగ్రహం సమర్పించింది. నేటికీ ఏకాంత సేవ జరిగే భోగ శ్రీనివాసమూర్తి ఆ విగ్రహమే. శ్రీకృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 లోపల ఏడుసార్లు వచ్చాడు. తిరుమలదేవి, చిన్నాదేవి ఇద్దరితోనూ చేతులు జోడించి నిలబడ్డ రాయల ప్రతిమలు గుడిలోపల మండపంలో ఇప్పటికీ ఉన్నాయి. రాణులకైనా దారి ఆ కొండే. ఎక్కగలిగినంతమందే పైకి చేరేవాళ్ళు, చేరినంతమందికీ వాకిలి సరిపోయేది.

1843 నుంచి తొంభై ఏళ్ళపాటు గుడి నిర్వహణ హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉంది. 1932లో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో తిరుమల తిరుపతి దేవస్థానాలు ఏర్పడ్డాయి. చరిత్ర పుస్తకాల్లో ఈ మార్పు గురించి పేజీలకి పేజీలు ఉంటుంది. కానీ మన కథకి అసలు మలుపు 1944లో వచ్చింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య ప్రణాళికతో వేసిన ఘాట్ రోడ్డు ఆ ఏడాది తెరిచారు. 1974లో రెండోది వచ్చి, ఎక్కే దారి, దిగే దారి వేరయ్యాయి. రోజంతా పట్టే ఎక్కుడు గంటలోపు ప్రయాణమైంది. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, ఒంట్లో బాగాలేనివాళ్ళు మొదటిసారి ధైర్యంగా బయల్దేరారు. ఇది ఎంత మంచి మార్పో చెప్పక్కర్లేదు. కానీ రోడ్డు వెడల్పయింది, బస్సులు పెరిగాయి, సత్రాలు పెరిగాయి. బంగారు వాకిలి మాత్రం ఎంత వెడల్పుందో అంతే ఉంది. పందిరి పెంచొచ్చు గానీ గర్భగుడిని పెంచలేం కదా.

మా అమ్మమ్మ ఘాట్ రోడ్డు వచ్చాక మొదటి తరంలో వెళ్ళినావిడ. బస్సు దిగి, కోనేట్లో మునిగి, తడిబట్టలతోనే గుళ్ళోకి వెళ్ళిపోయామని, స్వామి ఎదట నిలబడి అందరి పేర్లూ చెప్పుకున్నామని అనేది. మా అమ్మ తరానికి వచ్చేసరికి ఆ "అందరి పేర్లూ" అన్నది పోయింది. వరసలు గుడి చుట్టూ వీధుల్లోకి, ఎండలోకి, వానలోకి పాకాయి.

1978 నుంచి 1982 దాకా కార్యనిర్వహణాధికారిగా ఉన్న పి.వి.ఆర్.కె. ప్రసాద్ గారు వరసలో నిలబడ్డవాళ్ళ అవస్థని పట్టించుకున్న అధికారిగా పేరు తెచ్చుకున్నారు. ఆ రోజుల్లోని ఆలోచనల్లోంచి పుట్టిందే వైకుంఠం క్యూ కాంప్లెక్సు. కిటుకు చిన్నదే. ఒకే పొడుగాటి వరసగా నిలబెట్టకుండా జనాన్ని గదులుగా విడగొట్టి కూర్చోబెట్టడం. ఒక గది నిండితే తలుపు వేస్తారు, తర్వాతి గది నింపుతారు. మొదట నిండిన గది మొదట వదుల్తారు. వరసలో తోపులాట ఎందుకొస్తుంది? నా ముందుకి ఎవరో వచ్చేస్తారన్న భయంతో. గదిలో కూర్చోబెట్టి తలుపేస్తే ఆ భయం పోతుంది. ఇది అచ్చంగా బంతే. తినడానికి కాక, ఆగడానికి వేసిన బంతి.

నేను మొదటిసారి వెళ్ళింది ఆ గదుల కాలంలోనే. పదేళ్ళుంటాయేమో నాకు. ఇంగ్లీషు రాని మా పెద్దమ్మ కూడా "కంపార్ట్‌మెంటు" అని తడుముకోకుండా అనేది. రాత్రి ఎనిమిదింటికి లోపలికి వెళ్ళాం. నేలమీద దుప్పటి పరిచి, ముందు గుండు గీయించుకున్న తమ్ముణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని అమ్మ కూర్చుంది. పక్కన అనంతపురంనుంచి వచ్చినవాళ్ళు. అవతల తమిళులు. అర్ధరాత్రి లోపల అమ్మకీ ఆ అనంతపురం ఆవిడకీ ఎంత స్నేహమైందంటే, ఒకళ్ళు లేచి వెళ్తే ఇంకొకళ్ళు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేదాకా. పాలు తెచ్చి ఇచ్చారు. ఎవరో గోవింద అంటే గదంతా అందుకుంది. ఎప్పుడు వదుల్తారో ఎవరికీ తెలీదు. అదే ఆ ఏర్పాటులోని లోటు. గది దొరికింది గానీ గడియారం లేదు. ఇవాళ్టికీ పేపర్లో "31 కంపార్ట్‌మెంట్లు నిండాయి" అని రాస్తే మనం దాన్ని గంటల్లోకి మార్చుకుంటాం. కాలాన్ని గదులతో కొలవడం తిరుమల మనకి నేర్పిన విద్య.

ఆ గడియారం 2000 సంవత్సరం అటూ ఇటూగా మన మణికట్టు మీదికి వచ్చింది. సుదర్శనం టోకెన్ అని చేతికి ఒక పట్టీ కట్టేవారు. దాని మీద నల్ల గీతల ముద్ర, మనం ఏ రోజు ఎన్ని గంటలకి రావాలో వివరం. మా పెళ్ళయిన కొత్తలో మావారితో, అత్తయ్యగారితో వెళ్ళినప్పుడు నా చేతికి గాజులు, మెట్టింటివారు పెట్టిన కంకణం, వాటి మధ్య ఈ పట్టీ. "రేపు మధ్యాహ్నం రెండింటికి" అన్నారు. ఆ మధ్యలో పాపవినాశనం చూశాం, అన్నదానంలో భోంచేశాం, గదిలో నిద్రపోయాం. ఎదురుచూపు ఉంది గానీ అది నిలబడి చూసే ఎదురుచూపు కాదు. అమ్మకి ఉత్తరంలో ఇదే రాశాను, దేవుడు మనకి ఒక పూట తిరిగి ఇచ్చాడని.

గడియారం కట్టినా వాకిలి లెక్క వాకిలిదే. ఒకసారి కూర్చుని వేసుకున్నాను ఆ లెక్క, మీరూ చూడండి. సేవలు, నైవేద్యాలు పోను దర్శనానికి రోజుకి 18 గంటలు దక్కాయనుకుందాం. గంటకి 3600 సెకన్లు. 18 గంటలకి 64,800. రోజూ కొండమీదికి వచ్చేవాళ్ళు 60 వేలనుంచి 80 వేల మధ్య. అంటే మనిషికి ఒక్క సెకను! ఇద్దరు ముగ్గురు పక్కపక్కన నడుస్తారు గనక కాస్త పెరుగుతుంది, అంతే. "జరగండమ్మా, జరగండి" అనే సేవకుల మీద నాకుండే కోపం ఆ లెక్క వేసిన రోజున పోయింది. వాళ్ళు తోస్తున్నది నన్ను కాదు, వెనకున్న ఇంకొకళ్ళ సెకనుని ముందుకి జరుపుతున్నారు.

సెకన్లు పెంచలేనప్పుడు ఏం చేస్తారు? దూరం పెంచుతారు. ఇదివరకు కులశేఖర పడి దాకా, అంటే గర్భగుడి గడప దాకా వెళ్ళనిచ్చేవారు. గుడి గడపగా పడి ఉండాలని కోరుకున్న ఆళ్వారు పేరు ఆ గడపకి. తర్వాత లఘు దర్శనం వచ్చింది, కొంచెం ముందే తిప్పేస్తారు. ఆ తర్వాత మహాలఘు. జయవిజయుల దగ్గరే, బంగారు వాకిలి నుంచే చూసి మళ్ళాలి. లోపలి ఇరుకులో వెళ్ళేవరస, వచ్చేవరస రాసుకోవడం తప్పింది గనక గంటకి ఎంతోమంది ఎక్కువ పడతారు. పేరులో "మహా" చేరినకొద్దీ స్వామి దూరమయ్యాడని అత్తయ్యగారి దెప్పు. ఆవిడ అన్నదీ నిజమే, లెక్కా నిజమే. ఎంతమందికి అన్న ప్రశ్నకి జవాబు పెరిగితే ఎంతసేపు అన్నదానికి జవాబు తగ్గాల్సిందే. అన్నం గిన్నె ఒకటే అయినప్పుడు విస్తళ్ళు పెంచితే ముద్దలు తగ్గవా?

ఈ తంటా మనొక్కళ్ళదే కాదు. 1972లో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధి వస్తువులు ప్రదర్శనకి పెడితే 16 లక్షలమందికి పైగా వచ్చి, వీధుల్లో గంటల తరబడి వరసలు కట్టారు. ఇటలీలో మిలాన్ నగరంలో లియొనార్డో గీసిన చివరి విందు బొమ్మ ఉంది. 1999లో దాని మరమ్మతు పూర్తయ్యాక ముందుగా టిక్కెట్టు తీసుకున్న చిన్న గుంపులనే పంపుతున్నారు, అదీ పావుగంటే. జనం ఊపిరిలోని చెమ్మకి గోడమీది రంగు దెబ్బతింటుందని. మన పక్కనే శబరిమలకి 2011లో కేరళ పోలీసులు ఆన్‌లైన్ వరస మొదలుపెట్టారు. చోటు చిన్నదై, చూడాలనే కోరిక పెద్దదైనచోటల్లా ఎవరో ఒకరు బంతులు వెయ్యక తప్పలేదు.

మళ్ళీ తిరుమలకి వస్తే, మొదటి బంతి ఎవరిదన్న ప్రశ్నకి జవాబు 2009లో 300 రూపాయల దర్శనంగా వచ్చింది. తర్వాత ఆన్‌లైన్లోకి వెళ్ళింది. 2018 నుంచి ఉచిత దర్శనానికి కూడా వేళ రాసిన టోకెన్లు తిరుపతిలో ఇవ్వడం మొదలైంది. ఒకప్పుడు దీన్నే ధర్మ దర్శనం అనేవాళ్ళం, ఇప్పుడు సర్వదర్శనం. టోకెన్ లేనివాళ్ళు ఇప్పటికీ వైకుంఠం గదుల్లో కూర్చుని వెళ్ళొచ్చు. డబ్బున్నవాడికి వేళ ముందే తెలుస్తుంది, లేనివాడికి గది ఉంటుంది. రెండూ ఒకే వాకిలి దగ్గర కలుస్తాయి.

2020 మార్చిలో కరోనా వల్ల భక్తుల దర్శనాలు ఆగిపోయాయి. స్వామి గళ్ళు మాత్రం ఆగలేదు. సుప్రభాతం నుంచి ఏకాంత సేవ దాకా అన్నీ జరిగాయి, ఖాళీల్లో మనం లేమంతే. జూన్‌లో మళ్ళీ తెరిచినప్పుడు రోజుకి దాదాపు ఆరువేలమందితో మొదలుపెట్టారు. ఆ రోజుల్లో వెళ్ళొచ్చిన మా ఆడపడుచు చెప్పింది, ఎవరూ తోయలేదట, స్వామిని నిదానంగా చూసిందట, చూస్తుంటే ఏడుపొచ్చిందట. "అంత ఖాళీగా ఉంటే భయమేసింది వదినా" అంది. మనిషికి పది సెకన్లు దొరికాయి గానీ గదిలో గోవింద అందుకునే గొంతులు లేవు.

2025 జనవరి 8 రాత్రిని ఇక్కడ దాటేసి పోలేను. వైకుంఠ ఏకాదశి ద్వార దర్శనం టోకెన్లు మర్నాడు తెల్లవారి ఇస్తారని తిరుపతిలో కౌంటర్ల దగ్గర జనం ముందురోజే చేరారు. తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ రాత్రి టీవీ ముందు కూర్చుని నేను అనుకున్నది ఇదే. టోకెన్ అనేది వరసని మాయం చెయ్యదు, ఇంకోచోటికి జరుపుతుంది. గుడి ముందర వరస పోయి టోకెన్ ఇచ్చేచోట వరస వచ్చింది. ఆన్‌లైన్ అంటే ఆ వరస మన చేతుల్లోని ఫోన్లలోకి వచ్చింది. ఫోను వరసలో ఎవరి కాలూ ఎవరూ తొక్కరు, అది నిజంగా పెద్ద మేలు. కానీ ఆ వరసలో అసలు నిలబడలేనివాళ్ళు ఎవరికీ కనబడరు.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఏటా నడకదారిన కొండెక్కుతుంది. ఒకసారి "మీక్కూడా ఫోన్లో తీసి పెట్టనా?" అని అడిగాను. "ఎప్పటికమ్మా?" అంది. మూడు నెలల తర్వాత అన్నాను. నవ్వింది. "మూడు నెలల తర్వాత ఏ రోజు ఖాళీనో నాకేం తెలుసమ్మా? పిలుపొచ్చిన రోజు పోవడమే" అంది. స్లాటు తీసుకోవాలంటే డబ్బు, ఫోను ఉంటే చాలనుకున్నాను అంతదాకా. మూడు నెలల తర్వాతి ఒక మంగళవారం నాదీ అని చెప్పగలగాలి. అది అందరికంటే పెద్ద ఆస్తి.

మనకి మాత్రం ఉందా ఆ ఆస్తి? మూడు నెలల తర్వాత తేదీ అనగానే మగవాళ్ళు సెలవు చూసుకుంటారు, పిల్లలు పరీక్షలు చూసుకుంటారు. మనం వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటాం. ఎందుకో చదివే మీకు చెప్పక్కర్లేదు. నాలుగేళ్ళ కిందట నా లెక్క తప్పింది. తప్పు నాదే అనుకున్నాను గానీ, నలభై దాటాక ఒంటికి కేలండరు తెలీదు. తిరుపతిలో దిగిన రోజు ఉదయమే తెలిసింది. గోళీలు ముందే వేసుకోవాల్సింది అని ఫోన్లో అమ్మ. అంతకుముందు రెండుసార్లు వేసుకుని నెల్లాళ్ళు అవస్థ పడ్డ సంగతి ఆవిడకీ తెలుసు. అందరూ కొండెక్కారు, నేను గదిలో ఉన్నాను. నా పేరు, నా ఆధార్ నంబరు, ఉదయం 11 గంటలు అని అచ్చుపడ్డ కాగితం నా సంచిలోనే ఉండిపోయింది. ఆ వేళకి ఒక విస్తరి ఖాళీగా లేచింది. నేను తినలేదు, ఇంకొకళ్ళకీ పెట్టలేదు.

ఆ సాయంత్రం లడ్డూ చేతిలో పెడుతూ అత్తయ్యగారు అన్నారు, "మా రోజుల్లో అయితే నాలుగు రోజులాగి బయల్దేరేవాళ్ళమే." నిజమే. బంతిలో ఉన్న సుగుణం అది. ఈ బంతి తప్పితే పై బంతి. మ్యాట్నీ తప్పితే వచ్చే ఆదివారం. స్లాటులో పై బంతి మళ్ళీ మూడు నెలలకే. ఆ కాలాల్లో ఇబ్బందులు లేవని కాదు. అమ్మ రాత్రంతా తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నేల నాకు గుర్తే. ఒకటి నిలబెట్టి హింసపెట్టింది, ఇంకొకటి ముందే చెప్పమని హింసపెడుతోంది. దేన్ని భరించగలమో మనిషికీ మనిషికీ వేరు.

తిరుమలలో పాత బంతి ఇంకా బతికున్న చోటు ఒకటుంది. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రం. 1985లో రోజుకి రెండువేలమందికి మొదలైన నిత్యాన్నదానం 2011లో ఈ కొత్త భవనంలోకి వచ్చింది. నాలుగు హాళ్ళు, ఒక్కోదాంట్లో వెయ్యిమంది, అంటే ఒకేసారి నాలుగువేల విస్తళ్ళు. టిక్కెట్టు లేదు, వేళ లేదు, పేరడగరు. ఈ బంతిలో చోటు లేకపోతే బయట కూర్చుంటారు, పై బంతిలో లేపుకుని వెళ్తారు. వెంగమాంబ చిన్నతనంలోనే భర్తని పోగొట్టుకుని, లోకం మాటలు పడి, కొండ మీదికి చేరి కావ్యాలు రాసినావిడ. ఇప్పటికీ రాత్రి ఏకాంత సేవలో స్వామికి ఇచ్చే హారతి ఆవిడ పేరు మీదే. రోజంతా గళ్ళు గళ్ళుగా కోసిన ఆ దినచర్యలో చివరి గడి ఒక ఆడమనిషిది. తెలుగు చదువుకున్నదాన్ని గనక నాకు ఆ మాట తల్చుకుంటే గర్వంగా ఉంటుంది.

ఇంతకీ ఆ పది గంటల కథ చెప్పలేదు కదూ. పదీ ఆరుకి అబ్బాయి అరిచాడు, "అమ్మా, ఒక్క రోజే మిగిలింది! నొక్కెయ్యనా?" తెర మీద నిమిషాలు తగ్గుతున్నాయి. తేదీ అడిగాను. వేళ్ళు మడిచాను. మళ్ళీ మడిచాను. మావారు నా చేతి వంక చూసి ఏమీ అనలేదు. ఇదివరకైతే "తీసెయ్ నాన్నా, చూద్దాంలే" అనేదాన్ని. ఆ "చూద్దాంలే"లో గోళీలు, గది, సంచిలో కాగితం అన్నీ ఉండేవి.

"వదిలెయ్" అన్నాను. "నాకు కుదిరిన రోజున వెళ్దాం. టోకెను దొరికితే టోకెను, లేకపోతే కంపార్ట్‌మెంటు."

ఇల్లంతా ఒక్క నిమిషం గప్‌చుప్. కుక్కరు కట్టేయలేదని అప్పుడు గుర్తొచ్చి పరుగెత్తాను. పప్పు అడుగంటింది. వెనకనుంచి అత్తయ్యగారి గొంతు వినబడుతోంది, మనవడితో. "అంత మొహం వేలాడేసుకోకురా. ఆఖరి బంతిలో అప్పడాలు ఉండవు గానీ, లెమ్మనేవాళ్ళు కూడా ఉండరు."